హెల్మెట్‌లో అరగంట

అరగంట కూర్చోవాలట. నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని, చేతిలో ఏ పనీ లేకుండా, కొట్లో ఓ మూల కుర్చీలో అరగంట. "ఎక్కడైనా నొక్కుతుంటే వెంటనే తెలీదు తల్లీ, అరగంటకి గానీ బయటపడదు. ఇంటికెళ్ళాక తలపోటు అంటూ వస్తే నేను మాత్రం వెనక్కి తీసుకోను," అంది కొట్టు యజమాని మార్లిస్, నెరిసిన జడని వీపు మీదకి విసురుకుని, బెర్నడెట్ గడ్డం కింద రెండు రింగుల్లోంచి పట్టీ లాగుతూ. అంతకు ముందు ఆవిడ అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "ముందు సీటుకా, వెనక సీటుకా?" బెర్నడెట్ నోరు తెరిచేలోపే మొగుడు కాజ్ అందుకున్నాడు. "వెనక సీటుకే. ఎనిమిదేళ్ళ నుంచీ నా వీపే ఈవిడగారి లోకం," అని. మార్లిస్ నవ్వింది. బెర్నడెట్ నవ్వలేదు. తన తలకి హెల్మెట్ కొంటుంటే జవాబు మొగుడు చెప్పడం ఏమిటి అనుకునేలోపే చెవుల మీదుగా మెత్తలు దిగాయి, బుగ్గలు పళ్ళకి అదుముకున్నాయి, కొట్లో మోగే పాట, తలుపు గంట, మార్లిస్ నవ్వు అన్నీ ఒక్కసారిగా పక్కింట్లోకి తరలిపోయాయి. మిగిలింది తన ఊపిరి ఒక్కటే. లోపలికి, బయటికి. కొత్త చెప్పుల దుకాణం వాసన. ముక్కు ముందు అద్దం మీద ఆవిరి పట్టడం, కరిగిపోవడం. అందులోంచి చూస్తే కాజ్, మార్లిస్ గల్లాబల్ల దగ్గర ఏదో మాట్లాడుకుంటున్నారు, పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం ఒక్కటీ ఇటు రావడం లేదు. ఇదెంత అనుకూలంగా ఉందో వాళ్ళకి, అనుకుంది బెర్నడెట్.

ఇంతకీ ఎందుకు కొంటున్నట్టు? అది ముందు తేలాలి. కాజ్ ఎంగిలి చేత్తో కాకిని తోలే రకం కాదు. రైలింజన్ల కర్మాగారంలో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరైన మనిషి, ఒకసారి వడకట్టిన కాఫీ పొడిని ఇప్పటికీ రెండోసారి మరిగిస్తాడు. పైగా హెల్మెట్ సంగతి వస్తే పిసినారితనం ఒక్కటే కాదు, అదో మతం. పెన్సిల్వేనియాలో అనుభవమున్న పెద్దవాళ్ళు హెల్మెట్ లేకుండా బండి నడుపుకోవచ్చు, పక్కనున్న న్యూయార్క్ రాష్ట్రంలో మాత్రం కుదరదు. అందుకని సరిహద్దు దాటడం కోసమని ఓ నల్ల చిప్ప ఉంచుకున్నాడు. కొబ్బరిచిప్ప బోర్లించినట్టే ఉంటుంది, లోపల థర్మకోల్ అన్నది లేదు, ఒట్టి గుడ్డ. పాత సామాన్ల సంతలో కొన్నాడు. వెనక అంటించిన ప్రభుత్వం వారి స్టిక్కరు కూడా అదే సంతలో చుట్టలోంచి చింపి ఇచ్చారు, అడిగినవాడికి అడిగినన్ని. దాన్ని చూసి న్యూయార్క్ పోలీసులు నిజంగానే మోసపోయారో, ముసలాడు పోనీలే అనుకున్నారో దేవుడికే తెలియాలి. తిరిగొచ్చేటప్పుడు సరిహద్దు దాటగానే, రోడ్డుకి ఎడమ పక్క మూతపడిన పళ్ళ దుకాణం ముందు ఆగాలి. అది కాజ్ ఒక్కడి ఆచారం కాదు, సరస్సు ఒడ్డునున్న వాళ్ళ ఊరు ఈరీలో బళ్ళవాళ్ళందరిదీ. ఆదివారం మధ్యాహ్నం చూస్తే ఆ ఖాళీ జాగాలో వరసగా బళ్ళు ఆగి ఉంటాయి, వరసగా బట్టతలలు బయటపడుతుంటాయి. కాజ్ కూడా చిప్ప తీసి, నెత్తి బరబర గోక్కుని, సరస్సు మీంచి వచ్చే గాలి పీల్చి, "హమ్మయ్య, మళ్ళీ మనిషినయ్యాను," అనేవాడు. ఆమె తన పాతది తీసేది కాదు. "నీ బుర్రలో దాచుకోవాల్సినవి ఏవో ఉన్నట్టున్నాయే," అని ఏడిపించేవాడు. ఆ పాతదాని లోపల థర్మకోల్ పొడిపొడిగా రాలి జుట్టులో పడుతోంది, కొత్తది కొను నాయనా అని ఆమె ఎన్ని వేసవులు పోరిందో. "బాగానే ఉందిగా," అనేవాడు. అలాంటివాడు మొన్న మంగళవారం పొద్దున, అట్లమీద పాకం పోసుకుంటూ, ఎవరూ అడక్కుండానే, "బెర్నీ, నీకో మంచి హెల్మెట్ కొనాలే, మూతి దాకా మూసేది, ఖరీదెంతైనా సరే," అన్నాడు. అతి వినయం ధూర్త లక్షణం. ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

మంచి హెల్మెట్ అంటే ఏది మంచిది? చూస్తే తెలిసేది కాదు, అదే దీంతో వచ్చిన చిక్కు. చెప్పు అయితే నాలుగు రోజులు నడిచి చూస్తాం, గొడుగు అయితే వానలో పట్టుకుని చూస్తాం. దీని మంచీ చెడ్డా తేలేది ఒకే ఒక్క క్షణంలో, అప్పుడు తేలినా షాపుకొచ్చి దెబ్బలాడడానికి మనం ఉండొద్దూ. బెర్నడెట్ ప్లాస్టిక్ అచ్చుల ఫ్యాక్టరీలో మూతలు తనిఖీ చేసే బల్ల దగ్గర బతుకంతా గడిపింది. బాగా మెరిసే మూతనే ముందు అనుమానించాలని అక్కడ నేర్చుకుంది, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. ఇందాక ఈ హెల్మెట్‌నీ గోటితో కొట్టింది, గుడ్డు కొన్నట్టు. కాజ్ సిగ్గుపడి అటు తిరిగాడు. మార్లిస్ ఏమీ అనుకోలేదు, అరలోంచి అడ్డంగా రంపంతో కోసిన హెల్మెట్ ఒకటి తెచ్చి చూపించింది. పైన పెంకు, కింద బొటనవేలి మందాన థర్మకోల్, దాని కింద మెత్త. "దెబ్బ తగిలితే ఇది నలిగిపోవాలి తల్లీ. ఇది నలిగితేనే నీ బుర్ర నలగదు. ఒక్కసారి నలిగిందంటే దీని పని అయిపోయినట్టే, పైకి ఎంత బాగా కనిపించినా సరే," అంది. పైకి బాగుండి లోపల పని అయిపోవడం. ఆ మాట బెర్నడెట్‌కి ఎక్కడో తగిలింది, ఎక్కడో తెలియలేదు. స్టిక్కరు అసలుదేనా అని అడిగింది. లోపలి చీటీ మీద తయారైన నెల చదవమంది. ఇది ఇంతకు ముందు ఎవరైనా కింద పడేసిందా, కొని వాపసు తెచ్చిందా అని అడిగింది. "మీ ఆవిడ పోలీసా?" అంది మార్లిస్ కాజ్‌తో. "పోలీసులకైతే భోజనానికి వెళ్ళే టైము ఉంటుందమ్మా," అన్నాడు కాజ్. ఇద్దరూ నవ్వుకున్నారు, బాగా పరిచయమున్నవాళ్ళలా నవ్వుకున్నారు.

బాగా పరిచయమున్నవాళ్ళలా. అదిగో ఇప్పుడూ, గల్లాబల్ల దగ్గర, మార్లిస్ అతనికి ఎడమ పక్క నిలబడి ఏదో చెబుతుంటే అతను ఒళ్ళంతా తిప్పి మరీ వింటున్నాడు, మొహంలో మొహం పెట్టి. పెళ్ళాం మాట ఏనాడైనా అలా విన్నాడా? నుదుటి మీద కుడివైపు కొద్దిగా నొక్కుతోంది. నొక్కుతోందా, అనుమానమా? అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతం ఊరికే ఎవరి ఇంటికీ రాదు, ఏదో ఒక సందు చూసుకునే వస్తుంది. గురువారాలు, ఉదాహరణకి. గురువారం సాయంత్రం బంతి దొర్లించి కొయ్య సీసాలు పడగొట్టే బౌలింగ్ ఆటకని వెళ్తాడు, తమ్ముడు స్టాష్‌తో. వేసవిలో రెండుసార్లు బౌలింగ్ బూట్లు మెట్ల కింద అలాగే ఉండిపోయాయి, మనిషి మాత్రం వెళ్ళాడు. ఒకసారి వచ్చేసరికి ముసురు పట్టి ఉంది, అయినా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. వంటింట్లో దీపం వేస్తే మొహం పక్కకి తిప్పుకున్నాడు. అద్దాలు తీసినప్పుడు చూసింది, కనుపాపలు పిల్లి కళ్ళలా విచ్చుకుని ఉన్నాయి. తాగాడా అని దగ్గరికెళ్ళి వాసన చూసింది, ఏమీ లేదు. పైగా ఆ రాత్రి అతనికి ఇష్టమైన పెపరోనీ మాంసం కూరిన రొట్టె ఉండలు చేస్తే రెండు తిని లేచిపోయాడు. ఆ తర్వాత భోజనాల బల్ల దగ్గర చోటు మార్చాడు, నలభై ఏళ్ళు కూర్చున్న కుర్చీ వదిలేసి ఎదుటి పక్క కుర్చీకి వచ్చాడు. ఎందుకంటే కిటికీ గాలట. చర్చిలో కూడా అంతే, బెంచీకి ఎడమ చివర కూర్చుంటానని పట్టు, ఆమెని, మిగతా జనాన్ని అందరినీ కుడి పక్కకి తోసి. పక్కన కూర్చోవడం ఇష్టం లేనివాడు దూరం జరుగుతాడు గానీ చివరకి జరుగుతాడా? లేక ఇన్సూరెన్సా? పెద్ద హెల్మెట్ కొన్నానని రసీదు చూపిస్తే ఏదైనా తగ్గిస్తారా? స్టాష్ ఏదైనా ఎక్కించాడా? కానీ అన్నిటికంటే వింతయినది, అసలు మింగుడు పడనిది, ఆ మాటల పెట్టె.

హెల్మెట్ పక్కన అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి తగిలిస్తారు. ముందున్నవాళ్ళ మాట వెనకున్నవాళ్ళ చెవిలో, వెనకున్నవాళ్ళ మాట ముందున్నవాళ్ళ చెవిలో వినబడుతుంది. అది ఉండి తీరాలన్నాడు కాజ్. రంగు ఏదైనా పరవాలేదు, అద్దం ఎలా ఉన్నా పరవాలేదు, మాట మాత్రం స్పష్టంగా వినబడాలి. "గాలి హోరులో కూడా వినబడుతుందా? ఒక్క మాట అన్నా వినబడుతుందా? ఆలస్యం లేకుండా, అన్న క్షణమే?" అని మార్లిస్‌ని మూడు రకాలుగా అడిగాడు. కబుర్లు చెప్పుకుందామే పిల్లా, అన్నాడు ఆమె వైపు తిరిగి. కబుర్లు! ఈ మనిషి! పెళ్ళిలో పాదిరిగారు అడిగిన ప్రశ్నకి కూడా తలూపి ఊరుకోబోతే ఆయనే గద్దించి అవుననిపించారు. బండి అంటే తనకెందుకిష్టమో ఓసారి అందరిలో చెప్పాడు, దాని మీద ఎవరూ మాట్లాడలేరు కాబట్టి అని. ఆమె వెనక కూర్చున్న ఎనిమిదేళ్ళలో వాళ్ళ భాష అంతా భుజం మీద తట్టడమే. ఒకసారి తడితే కాఫీకి ఆగు, రెండుసార్లు తడితే నిదానించు, చొక్కా పట్టుకు లాగితే చచ్చామురా దేవుడా. అది చాలేది. ఇప్పుడు మాట కావలసి వచ్చింది. మాట ఎవరికి కావలసి వస్తుంది? చెప్పాల్సింది ఉన్నవాడికి. లేకపోతే వినాల్సింది ఉన్నవాడికి.

చొక్కా పట్టుకు లాగినది ఈ వేసవిలోనే. ద్రాక్షతోటల మధ్య నాలుగు రోడ్ల కూడలి, ఎడమ పక్క నుంచి పాల ట్యాంకరు. చిన్నదేమీ కాదు, ఇల్లంత ఉంది, వెండిలా తళతళలాడుతూ వస్తోంది. కాజ్ ఆగి, చూసి, మళ్ళీ బయల్దేరాడు. ఆమె రెండు చేతులా చొక్కా లాగింది, బండి కీచుమని ఆగింది, ట్యాంకరు గాలికి ఇద్దరూ ఊగిపోయారు. "చూశాన్లే, చూశాన్లే, ఏంటా పీకుడు," అన్నాడు. గొంతు మాత్రం మామూలుగా లేదు. అప్పటినుంచే కూడళ్ళ దగ్గర వెనక్కి వాలి, "ఏమైనా వస్తోందా దొరసానీ?" అని సరదాగా అడగడం మొదలైంది. ఆమె కూడా సరదాగానే చెప్పేది, పద రాజా, దారి నీదే అని. ఇంకా పోయిన నెల సంగతి. న్యూయార్క్ వైపు ద్రాక్షపళ్ళు కూరి కాల్చిన తీపిరొట్టె తినడానికి వెళ్ళి తిరిగొస్తున్నారు. తోటలన్నీ పండి రోడ్డు పొడుగునా ద్రాక్ష వాసన, తీపి, కొద్దిగా పులుపు, ఒళ్ళంతా అంటుకుపోయే వాసన. సరిహద్దు దాటారు. పళ్ళ దుకాణం వచ్చింది. జాగా నిండా తెలిసిన బళ్ళు, స్టాష్ చిప్ప ఊపుతూ కేకేశాడు. కాజ్ ఆగలేదు. అటు తల కూడా తిప్పలేదు. తిన్నగా, నిదానంగా, తెల్లగీతని పట్టుకుని ఇంటిదాకా హెల్మెట్‌తోనే వచ్చాడు. "ఆగలేదేం?" అంటే, "మబ్బు పట్టిందిగా, వాన వస్తుందేమోనని," అన్నాడు. ఆకాశం అద్దంలా ఉంది ఆ రోజు. స్టాష్ ఫోన్ చేసి ఏం అన్నయ్యా, వదిన భయానికి మమ్మల్ని కూడా గుర్తుపట్టవా అన్నాడు. తమ్ముడితో గొడవ పడ్డాడేమో, ఆ పళ్ళ దుకాణం దగ్గర చేరిన ఆడవాళ్ళలో ఎవరినైనా తప్పించుకున్నాడేమో అని ఆమె నాలుగు రాత్రులు ఆలోచించింది. ఎన్ని దిక్కులు తిప్పి చూసినా ఏదీ అతకలేదు.

ఎడమ చెవి మీద మెత్త కొంచెం వేడెక్కింది. నొప్పి లేదు. నుదుటి మీద ఇందాకటిది అనుమానమే అయి ఉండాలి. పక్కన ఏదో కదిలినట్టనిపించింది, ఎవరో కొనుక్కునే మనిషి వెళ్ళినట్టుంది, చూద్దామంటే కంటి కొసకి హెల్మెట్ అంచు అడ్డం. మామూలుగా అయితే కళ్ళు తిప్పితే సరిపోయేది, ఇప్పుడు మెడ తిప్పాలి, మెడ చాలకపోతే భుజం కూడా తిప్పాలి, గూట్లోంచి గుడ్లగూబ చూసినట్టు. అలవాటవుతుంది, మార్లిస్ చెప్పింది, పక్కలకి చూడాలంటే తల తిప్పడం అలవాటు చేసుకోవాలి. మళ్ళీ ముందుకి తిరిగింది. మార్లిస్ కాజ్ చేతికి ఏదో కాయితం అందిస్తోంది, ఎడమ పక్క నుంచే. కాజ్ అందుకోలేదు. మార్లిస్ కాయితం ఆడించింది. అప్పుడు కాజ్ మెడ తిప్పాడు, మెడ చాలకపోతే భుజం కూడా తిప్పాడు, ఒళ్ళంతా తిప్పి, మొహంలో మొహం పెట్టి, కాయితం అందుకున్నాడు. బెర్నడెట్ ఊపిరి అద్దం మీద ఆవిరై నిలిచిపోయింది. అది కరిగేదాకా ఆగి మళ్ళీ చూసింది. కాజ్ నెత్తిన హెల్మెట్ లేదు. ఏమీ లేదు. బట్టతల కొట్టు దీపాల కింద మెరుస్తోంది. హెల్మెట్ లేకుండానే అతను హెల్మెట్ పెట్టుకున్నవాడిలా చూస్తున్నాడు.

పాల ట్యాంకరు ఎడమ పక్క. పళ్ళ దుకాణం ఎడమ పక్క. బెంచీకి ఎడమ చివర, జనమంతా కుడి పక్క. ఎదుటి కుర్చీలో కూర్చుంటే కిటికీ ఎడమకి వస్తుంది, ఆమె, పొయ్యి, పిల్లి అన్నీ కుడికి వస్తాయి. విచ్చుకున్న కనుపాపలు, ముసురులో నల్ల కళ్ళద్దాలు. ఆమె తల్లికి కంటి డాక్టరు చుక్కలు వేసినప్పుడు ఆమే కదా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది, ఎండ పొడుస్తోందే అని తల్లి మొహం కొంగులో దాచుకున్నట్టు ఆమె భుజంలో దాచుకోలేదూ! అంత చూసి కూడా ఆడదాన్నే వెతుక్కుంది తను. ఒక్కసారి నవ్వొచ్చింది, నవ్వుకి బుగ్గలు కదలలేదు, మెత్తలు పట్టుకున్నాయి. వెనకే కోపం వచ్చింది, ఇల్లు తగలబడుతున్నంత కోపం. ఈ మనిషి తనని వెనక కూర్చోబెట్టుకుని ఒంటి కంటితో తిప్పాడు. వేసవంతా. ఏమైనా వస్తోందా దొరసానీ అని సరదాగా అడుగుతూ. ఆమె ఒక్కసారి ద్రాక్షతోటల వైపు చూస్తూ ఉండిపోయి జవాబు సరదాగా అని ఉంటే? ట్యాంకరు వెండి రంగు కళ్ళ ముందు మెరిసింది. ఇప్పుడు అర్థమైంది మాటల పెట్టె ఎందుకో. ఆలస్యం లేకుండా, అన్న క్షణమే వినబడాలి. కబుర్లకి కాదు. ఎడమ కన్ను కొనుక్కుంటున్నాడు మహానుభావుడు, దానికి పెళ్ళాం తలకాయ తగిలించి. మరి హెల్మెట్? ఖరీదెంతైనా సరే అన్నాడు, మూతి దాకా మూసేది అన్నాడు. అంటే తనవల్ల ఆమెకి ఏదైనా అవుతుందని తెలుసు. తెలిసే, ఆపలేక, ఆమె తలకి మెత్త వేస్తున్నాడు. ఆ ఆలోచనకి కోపం పోలేదు గానీ దాని పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది, ఏడుపు లాంటిది. దానికి ఆమె చోటివ్వలేదు. ముందు రుజువు కావాలి. గోటితో కొట్టి చూడందే మూత సంచిలో వేసేది కాదు.

మార్లిస్ వచ్చి అద్దం పైకెత్తింది. లోకం గోలగా లోపలికి వచ్చింది. "ఎలా ఉంది తల్లీ? ఎక్కడైనా నొప్పా?"

"హెల్మెట్‌లో లేదు," అంది బెర్నడెట్. "ఆ మాటల పెట్టె పెట్టి చూడాలి. ఆయన బయటికి వెళ్ళి బండి దగ్గర నిలబడితే నేను ఇక్కడి నుంచి మాట్లాడతాను."

కాజ్ మొహం వెలిగిపోయింది, ఆమె ఒప్పుకున్నట్టేనని. పెట్టె ఉన్న ఇంకో హెల్మెట్ తగిలించుకుని చిన్నపిల్లాడిలా గబగబా వెళ్ళాడు, తలుపు ఎడమ రెక్కకి భుజం తగిలించుకుని వెళ్ళాడు. పెద్ద గాజు కిటికీలోంచి కనబడుతున్నాడు, బండి పక్కన, ఇటు తిరిగి. చెవిలో గరగర, ఆ తర్వాత ఊపిరి. ఆమెది కాదు, అతనిది. నలభై ఏళ్ళు పక్కన పడుకుని విన్న ఊపిరే గానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

"బెర్నీ? వినబడుతోందా? అబ్బ, చెవిలో కూర్చున్నట్టుందే!"

"వినబడుతోంది. కాజ్, నీ ఎడమ పక్క ఎన్ని బళ్ళున్నాయి?"

అద్దం వెనక అతని తల కదలబోయింది.

"తల తిప్పకు. నేను చూస్తున్నాను. అలాగే నిలబడి చెప్పు."

ఊపిరి వస్తోంది, పోతోంది. అతని ఎడమ పక్క ఎర్రబండి ఒకటి, దాని మీద కూర్చుని ఓ పడుచు అమ్మాయి శాండ్‌విచ్ తింటోంది, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. సరస్సు పక్షి ఒకటి రొట్టెముక్క కోసం ఆమె కాళ్ళ దగ్గర తిరుగుతోంది. అతనికి అదంతా లేదు.

"రెండు," అన్నాడు కాజ్ చివరికి. తర్వాత, "ఒకటా?" అన్నాడు. ఇంక లెక్కపెట్టడం మానేసి, "ఈస్టర్ అప్పటినుంచి, బెర్నీ," అన్నాడు.

"డాక్టరు ఏమన్నాడు?"

"పోయింది రాదట. చుక్కలు వేసుకుంటే ఉన్నది ఉంటుందట. కుడిది బాగానే ఉందిలే."

"బండి గురించి అడిగావా?"

"అడగలేదు." గొంతు చిన్నదయిపోయింది. "అడిగితే చెప్తాడుగా."

అందుకే అడగలేదు. ఆమెకి బాగా తెలిసిన మనిషే, చివరికి. బౌలింగ్ కాదు, ఆడది కాదు, ఇన్సూరెన్స్ కాదు, నోరు తెరిస్తే బండి పోతుందన్న భయం. ఆ భయం కోసం ఆమెని ట్యాంకరు ముందుకి తీసుకెళ్ళాడు. "నన్ను చంపేసేవాడివి కదరా," అంది, పెళ్ళయ్యాక మొదటిసారి రా అని. చెవిలో అతను ఏడుస్తున్నట్టు వినబడింది, కిటికీలోంచి చూస్తే మాత్రం నల్ల అద్దంతో నిటారుగా నిలబడి ఉన్నాడు, ఎవరికీ తెలియదు, పక్కనున్న శాండ్‌విచ్ అమ్మాయికి కూడా తెలియదు. "తెలుసు," అన్నాడు. "ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకునేవాణ్ణి. నువ్వు వెనక ఎక్కి కూర్చునేసరికి మర్చిపోయేవాణ్ణి." ఎనిమిదేళ్ళ క్రితం వంటింటి మెట్ల మీద మణికట్టు విరిగేదాకా ఆమెకీ సొంత బండి ఉండేది, నీలంది, సరిహద్దు దాకా కాజ్‌తో పోటీ పడేది. మణికట్టు అతుక్కుంది, బండి అమ్మేశారు, వెనక సీటు అలవాటైంది. లైసెన్స్ మాత్రం ఎప్పటికప్పుడు కొత్తది చేయించుకుంటూనే ఉంది. ఒకసారి వదులుకుంటే ప్రభుత్వం మళ్ళీ ఇస్తుందన్న నమ్మకం ఆమెకి లేదు. ఈ వసంతంలో కూడా కాజ్ లేనప్పుడు గరాజ్‌లో అతని బండి ఎక్కి చూసుకుంది. కాళ్ళు నేలకి ఆనాయి.

"మార్లిస్," అంది, పెట్టె తెరిచి ఉందని తెలిసే, కాజ్ వింటాడనే. "ఇందాక మీరు నన్నొకటి అడిగారు. జవాబు మార్చుకోవాలి. ముందు సీటుకి."

మార్లిస్ కిటికీలోంచి బయటికి చూసింది, ఆమెని చూసింది. హెల్మెట్ వెనక అంచు పట్టుకుని ముందుకి ఊడబెరకడానికి గట్టిగా లాగి చూసింది, పక్కలకి తిప్పి చూసింది, చర్మం కూడా దానితో పాటే కదిలింది. "ఊడదు," అంది. "ముందు సీటుకి కూడా ఇదే."

బయట ఎండ. ఆమె కాజ్ కుడి పక్కకి వెళ్ళి, అతనికి కనబడేలా చెయ్యి చాపింది. అతను తాళం చెవి వెంటనే ఇవ్వలేదు. "స్టాష్ చూశాడంటే ఊళ్ళో తలెత్తుకోనివ్వడే," అన్నాడు. "తలెత్తుకోవడానికి తల మిగిలిందిగా, ఏడవకు," అంది. "మరి నేను కారు నడిపే సంగతి?" అన్నాడు. "అది ఇంటికెళ్ళాక మాట్లాడతాను, ఈ పెట్టె లేకుండా, ఊరంతా వినేలా." అప్పుడు తాళం చెవి ఆమె అరచేతిలో పడింది, వెచ్చగా ఉంది, ఇందాకటి నుంచీ గుప్పిట్లోనే పట్టుకుని ఉన్నట్టున్నాడు.

బండి బరువు మొదట ఎడమకి ఒరిగింది, ఆమె ఆపుకుంది. వెనక అతను ఎక్కినప్పుడు మొత్తం కుంగింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు గాల్లో ఉంచుకున్నాడు, తర్వాత ఆమె నడుము మీద పెట్టాడు. వాకిలి దాకా వచ్చి, రోడ్డు మీదకి తిరిగే ముందు ఆగింది. ఎడమకి చూసుకుంది, ఏమీ లేదు. చెవిలో అతని గొంతు, ఇంకా తడిగా ఉంది, అయినా జాగ్రత్తగా వచ్చింది.

"కుడి పక్క ఖాళీ, బెర్నీ."

ఆమె మెడ తిప్పి, భుజం కూడా తిప్పి, కుడి పక్క తన కళ్ళతో ఓసారి చూసుకుంది. ఖాళీగానే ఉంది.